అవ్వ కొంగుముడి

మా అవ్వ ట్రంకుపెట్టె తాళంచెవిని కొంగుకు ముడివేసుకొని తిరుగుతుంది, నిద్రలో కూడా విప్పదు. ఆమె మనవణ్ణి నేను, నా తాళంచెవిని నోటితో పంచిపెట్టినాను.

హిందూపురంలో బీయస్సీలో చేరినప్పుడు ఈమెయిలుకూ, స్కాలర్‌షిప్పుకూ, రైలుటిక్కెట్లకూ ఒకటే పాస్‌వర్డు: నా పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. ధర్మవరంలో ఒక నెట్‌సెంటరులో దరఖాస్తు నింపిస్తూ దాన్ని గట్టిగా చెప్పేసినాను. నెల తిరక్కముందే నా ఈమెయిలు నాకే తలుపు తియ్యలేదు. ఫీజు రసీదులు, నాయన పంటబీమా కాగితాలు అన్నీ అందులోనే! మళ్ళీ చేతికొచ్చేసరికి పదకొండు రోజులు.

ఆ రోజుల్లో లెక్క వేసినాను. నాలుగంకెల పిన్నులు 10,000. పుట్టిన తేదీ, నెల పెట్టుకొనేవారికి 366 మాత్రమే. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలైతే 20,882 కోట్ల పైచిలుకు, అయినా యంత్రానికి అదొక లెక్కా? పొడుగు పెరగాలి.

పెనుకొండ బస్సులో కళ్ళు మూసుకొని పుస్తకం తెరిచి, వేలు పడిన మాటలు ఐదు కలిపినాను. ఖాతాకొక ఐదు. గగనమహలు, వేరుశనగ అనుకొనేరు, కావు.

నాయన ఏటీఎం కార్డు కవరు మీదనే పిన్ను రాసుకొన్నాడు. "మర్చిపోతే నువ్వొచ్చి తీసిస్తావారా?" అన్నాడు. నిజమే. పిన్ను మార్పించి, కవరు చించేసి, నా మాటల పక్కనే నోటుబుక్కులో రాసి అవ్వ పెట్టెలో వేసినాము.

తాళంచెవి అడిగితే నాయనకు కూడా ఇవ్వలేదు అవ్వ.