గోడమీది గుడ్డ, ఆసుమీది చెయ్యి

ఇంటి అందాన్ని గురించి మాట్లాడటం మన మిత్రుల్లో చాలామందికి నామోషీగా వుంటుంది. కూడూ గుడ్డా కరువైన దేశంలో కర్టెన్ల రంగును గూర్చిన చర్చ తీరుబడి గలవారి కాలక్షేపమని వారి అభిప్రాయం. అందులో నిజం లేకపోలేదు. ఐతే మనం మాట్లాడకపోయినంత మాత్రాన ఆ చర్చ ఆగిపోదు. మనకు బదులు దుకాణదారుడు దాన్ని నడుపుతాడు. ఏది అందమో, ఏది ఆధునికమో, ఏది మన హోదాకు తగినదో అతడే నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయాన్ని మనం మన జీతంతో కొని ఇంటికి తెచ్చుకుంటాం.

నిజానికి సోషలిస్టులకు ఇది కొత్త విషయమూ కాదు, పరాయి విషయమూ కాదు. ఇంగ్లండులో విలియం మారిస్ 1861లో మిత్రులతో కలిసి ఒక కంపెనీ పెట్టాడు. గోడకాగితాలూ, అద్దకపు బట్టలూ, కుర్చీలూ, బల్లలూ అందులో తయారయ్యేవి. యంత్రయుగపు చవకబారు సరుకుమీద అదొక తిరుగుబాటు. నీలిమందు తొట్టిలో స్వయంగా చేతులు ముంచి అద్దకం నేర్చుకున్న మనిషి ఆయన. కాని శ్రద్ధగా చేయించిన ఆ సరుకు ఖరీదు శ్రామికుడికి అందలేదు. అది ధనికుల ముందుగదులకే చేరింది. ఈ వైరుధ్యం మారిస్‌ను నిలవనివ్వలేదు. 1883లో ఆయన సోషలిస్టు ఉద్యమంలో ప్రవేశించాడు. వస్తువును మార్చితే చాలదు, ఆ వస్తువును పుట్టించే సంబంధాలను మార్చాలన్నది ఆయన జీవితం మనకు చెప్పే పాఠం.

మరొక పాఠం జర్మనీనుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్యులకోసం పెద్దయెత్తున ఇళ్ళు కడుతున్నప్పుడు, 1926లో మార్గరెట్ షూట్టె-లిహోట్స్కీ అనే స్త్రీ ఆ ఇళ్ళకు వంటగదిని రూపొందించింది. పొయ్యినుంచి నీళ్ళతొట్టికి ఎన్ని అడుగులు వెయ్యాలి? ఏ గిన్నె ఎక్కడుంటే చెయ్యి తక్కువ చాపవలసి వస్తుంది? ఆమె ప్రశ్నలు ఇవి. అటువంటి వంటగదులు సుమారు 10,000 ఇళ్ళలో అమర్చారు. తర్వాత ఆమె కమ్యూనిస్టుగా నాజీలకు వ్యతిరేకంగా పనిచేసి, 1941లో పట్టుబడి, యుద్ధం ముగిసేదాకా జైలులో వున్నది. రూపకల్పన అంటే పైపూత కాదనీ, మనిషి శ్రమను లెక్కగట్టి దాన్ని తగ్గించడమనీ ఆ వంటగది రుజువు చేసింది.

ఖరీదు ఎవరికి అందుతుంది, శ్రమ ఎవరిమీద పడుతుంది అనే ఈ రెండు ప్రశ్నలూ మన దగ్గర ఒకే గుడ్డలో కలిసి కనిపిస్తాయి.

హైదరాబాదులో ఒక మిత్రుని ఇంట్లో గోడమీద అద్దపు చట్రంలో బిగించిన తేలియా రుమాల్ చూశాను. ఎరుపు, నలుపు, తెలుపు — మూడే రంగులు. గళ్ళలో ఒదిగిన ఆకారాలు చూస్తే నవీన చిత్రకారుల పటాలకు ఏ విధంగానూ తీసిపోవు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నానబెట్టి, పడుగునూ పేకనూ కూడా ముందే ముడులు కట్టి అద్ది, ఆ తర్వాత మగ్గమెక్కించే పని అది. ఒకప్పుడు చీరాలనుంచి అరబ్బు దేశాలకు తలగుడ్డగా వెళ్ళిన ఈ రుమాలు, తర్వాతి కాలంలో నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలో నిలదొక్కుకున్నది. దాని పక్కనే ఒక తైలవర్ణ చిత్రం వుంది. చిత్రం కింది మూల చిత్రకారుని సంతకం వున్నది. రుమాలుకు సంతకం లేదు. ఎవరు నేశారని అడిగితే, కొన్న అంగడి పేరు చెప్పారు.

మన సౌందర్యదృష్టిలోని వర్గస్వభావం అక్కడ నాకు స్పష్టంగా కనిపించింది. గోడకెక్కితే గుడ్డ కూడా కళే. కాని దాన్ని చేసిన మనిషి మాత్రం కూలివాడుగానే మిగిలిపోతాడు.

కొన్నాళ్ళకు పని గలిగి పోచంపల్లి వెళ్ళినప్పుడు ఒక నేతకారుల ఇంట్లో కూర్చున్నాను. ఇంట్లోకెల్లా పెద్దగది మగ్గానిది. మనుషులు మిగిలిన జాగాలో సర్దుకున్నారు. గోడకు దేవుడి క్యాలెండరు. కిటికీకి వెలిసిపోయిన మిల్లు గుడ్డ. మీరు నేసిన బట్ట ఇంట్లో ఒక్కటీ లేదేమని అడిగాను. ఆ ఇల్లాలు నవ్వి, “నేసిందంతా మేమే కట్టుకుంటే తినేదేంది సారూ?” అన్నది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. రోజువారీ లెక్క చెప్పినట్టు చెప్పింది.

పట్టణపు మార్కెట్టు ఈ బట్టను “చేతిపని” అంటూ అమ్ముతుంది. చేతిపని అనగానే కొనేవారికి పవిత్రభావం కలుగుతుంది. ఆ చేతికి ఏమౌతుందో మాత్రం ఎవరూ అడగరు. ముడులు కట్టకముందు నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన పుల్లలచుట్టూ దారాన్ని పైకీ కిందికీ తిప్పుతూ, ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి ఆడించాలి. నాలుగైదు గంటల పని. అది ఎక్కువగా ఆడవాళ్ళ పని. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం, బడి చదువు మధ్యలో ఆగిపోయిన నేతకారుడు, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు యంత్రంకోసం పూనుకున్నాడు. 1999లో అది పనిచేసింది. చీర ఆసు గంటన్నరలో ముగిసింది. తల్లి పేరే దానికి పెట్టాడు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ యిచ్చింది.

యంత్రం వస్తే కళ చస్తుందని వాపోయే రసికులు దీనికి ఏం జవాబు చెబుతారు? ఆ యంత్రం తర్వాత కూడా ముడులు చేతులే కడుతున్నాయి, మగ్గంమీద గుడ్డను చేతులే నేస్తున్నాయి. తగ్గింది భుజం నొప్పి మాత్రమే. కళను మింగేది మరొకటి వుంది: చిటికి చుక్కలను అచ్చంగా అనుకరించి, మరగుడ్డమీద అచ్చుకొట్టి, అగ్గువకు అమ్మే వ్యాపారం. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించే చట్టం 1985లోనే వచ్చింది. చట్టం వున్నా అంగట్లో అచ్చు గుడ్డ కొండలా పేరుకున్నది. అందువల్ల దెబ్బతినేది యంత్రం లేని నేతకారుడూ, యంత్రమున్న నేతకారుడూ ఇద్దరూ.

మన ఇళ్ళలోకి కొత్త కళ రావద్దని నేననటం లేదు. తప్పక రావాలి. ఉపాధ్యాయుని రెండుగదుల ఇంటికీ, విద్యార్థి హాస్టలు గదికీ రంగూ రూపమూ హక్కే. కాని సమకాలీన కళను గుర్తించటానికి గాలరీ గోడ ఒక్కటే కొలబద్ద కాదు. నా మట్టుకు, ఈ కాలపు తెలుగుదేశంలో గృహకళ గురించి మాట్లాడవలసివస్తే, అద్దంలో బిగించిన రుమాలుతోపాటు ఆ ఆసు యంత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాను. ఒకటి కంటికి పనికొచ్చింది; రెండోది ఆ కంటికి సరుకు అందించిన చేతికి పనికొచ్చింది.

ఇక మనం చెయ్యగలిగింది చిన్నదైనా లేకపోలేదు. బట్ట కొనేటప్పుడు ఎవరు నేశారని అడగవచ్చు. నేతకారుల సహకార సంఘంలో కొనవచ్చు. కూలి ఎంత గిట్టిందని తరగతిగదిలో చర్చకు పెట్టవచ్చు. దీనివల్ల మార్కెట్టు మారిపోతుందన్న భ్రమ అక్కర్లేదు. మారిస్ అనుభవం ఆ భ్రమను ఏనాడో తీర్చింది. నేసిన ఇంటి కిటికీకి నేసిన గుడ్డే కట్టుకోగలిగే కూలి రేట్లు పోరాడి సాధించుకోవలసినవి. ఆ పోరాటంలో అభిరుచి గల మధ్యతరగతి ఏ పక్షాన నిలబడుతుందన్నదే అసలు ప్రశ్న.