దాదీమా నెగిటివ్

పామిడిలో మా ఇంటి గోడలకు ఫొటోలుండేవి కావు. నమాజ్ చేసే ఇంట్లో తస్వీర్లు వద్దనేది దాదీమా. ఉన్న నాలుగైదూ అబ్బాజాన్ సందూక్‌లో, నికాహ్‌నామా కింద ఉండేవి.

అబ్బా ఇంతికాల్ అయ్యాక సందూక్ తెరిచాను. ఒక నలుపుతెలుపు ఫొటో. పెన్న ఇసుకలో దాదా, ముందు చిన్నప్పటి అబ్బా. పక్కనంతా కత్తెరతో కోసేశారు. అబ్బా భుజం మీద గాజుల చెయ్యి ఒక్కటి మిగిలింది. దాదీమాది. గైర్ మర్దుల కంట పడకూడదని తనే కోయించిందట.

అదే కవర్లో నెగిటివ్ కూడా ఉంది. ఆరు సెంటీమీటర్ల చదరం. ఆ రోజుల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి కెమెరాలు 120 రోలు మీద ఇలాంటివి పన్నెండు తీసేవి. ప్రింటును కోశారు గానీ నెగిటివ్ జోలికి ఎవరూ పోలేదు.

ప్రింట్లను మామూలు స్కానర్ మీద 600 డీపీఐలో ఎక్కించాను. నెగిటివ్‌కు వెనక నుంచి వెలుగు కావాలి. ట్యాబ్ తెరను తెల్లగా వెలిగించి, రెండంగుళాలు పైన అద్దం పెట్టి, దాని మీద నెగిటివ్ ఉంచాను. తెరకు ఆనిస్తే చుక్కలు పడతాయి. గదిలో లైట్లార్పి, ఫోన్‌తో తీసి, నలుపును తెలుపు చేశాను. దాదా చొక్కా జేబు కుడివైపుకొచ్చింది! మెరిసే వైపు ఫోన్‌కేసి ఉండాలి, నేను తిరగేసి పెట్టాను. సరిచేసి మళ్లీ తీశాను.

దాదీమా వచ్చింది. కొంగు భుజం మీదికి జారింది. నేరుగా కెమెరానే చూస్తూ ఏదో అంటోంది.

పక్కవీధిలోని ఫుప్పూకు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "'జల్దీ ఖీంచో' అంటాండాదిరా అమ్మీ" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టమని దుబాయ్ నుంచి తమ్ముడు ఒకటే మెసేజ్‌లు. ఫుప్పూనడిగాను.

"ఆమె కోయించుకునింది. నువ్వు అతికిస్తివి. అంతవరకే నీ హక్కు బేటా."

మన ఇళ్లల్లో ఇలాంటి సందూకులు ఇంకెన్నో ఉంటాయి. స్కాన్ అయింది కదా అని నెగిటివ్‌లు పారెయ్యకండి. కాగితం కవర్లో, చెమ్మ తగలని చోట దాచండి. గ్రూపులో పెట్టేముందు మాత్రం, ఆ ముఖం ఎవరి అమానతో ఒక్కసారి అడగండి.

దాదీమా ముఖం ఒక పెన్‌డ్రైవ్‌లో ఫుప్పూ బీరువాలో ఉంది. ఇంటి ఆడవాళ్లు వచ్చి చూసిపోతున్నారు. గ్రూపులో పెట్టింది పాత ఫొటోనే. అబ్బా భుజం మీద గాజుల చెయ్యి.