నింగలూ నీళ్ళలో చుక్కల సొర

మన పూర్వులకు సముద్రమంటే ఎంత భయమో అంత వేడుక. తిమి అనేది పెద్ద చేప. ఆ తిమిని మింగేది తిమింగిలం. తిమింగిలాన్ని కూడా మింగేది తిమింగిలగిలం. ఇరవై ఏళ్ళుగా తరగతిలో ఈ మాటలకు వ్యుత్పత్తి చెబుతూనే వున్నాను. చెప్పిన ప్రతిసారీ వెనకబెంచీలోంచి ఎవరో ఒకరు "మరి దాన్ని మింగేదేమిటండీ మాస్టారూ?" అని అడగడమూ, క్లాసంతా గొల్లుమనడమూ మామూలే. పెద్దదేదైనా మింగడానికే పుట్టిందని మనకొక నమ్మకం. లోకంలోని చేపలన్నిటిలోకీ పెద్దదాన్ని కళ్ళారా చూసిన రోజున నా మట్టుకు ఆ నమ్మకం కాస్తా నీళ్ళలో కలిసింది.

ఆ చేపను వేల్ షార్క్ అంటారు. తిమింగిల సొర అని మనం చెప్పుకోవచ్చు. పేరులో తిమింగిలం వుందిగాని ఇది తిమింగిలం కాదు. తిమింగిలం పిల్లలకు పాలిచ్చే జంతువు. పైకి తేలివచ్చి గాలి పీలుస్తుంది. ఇది మొప్పలతో ఊపిరి తీసే అసలు సిసలు చేప, సొరల కులానిది. 1828లో దక్షిణాఫ్రికాలోని టేబుల్ బేలో దొరికిన ఒకదాన్ని ఆండ్రూ స్మిత్ అనే వైద్యుడు పరీక్షించి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అది 4.6 మీటర్ల పొడుగు. తరువాత 18 మీటర్లవి కూడా కొలతకు దొరికాయి. మన ఆర్టీసీ బస్సులు ఒకటిన్నర వరసగా పెట్టి చూసుకోండి! నోట్లో సుమారు 3,000 పళ్ళు వుంటాయిగాని, అన్నీ ఆవగింజలు. కొరకడానికీ నమలడానికీ పనికిరావు. నోరు బార్లా తెరిచి నీళ్ళు పట్టి, మొప్పల దగ్గర వడకట్టి, కంటికానని జీవాలనూ, చేపగుడ్లనూ, చిట్టి చేపలనూ తిని బతుకుతుంది. అంత శరీరానికి అంత అల్పాహారం!

దీన్ని చూడడానికి పోయిన ఊరు పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మత్. పెర్తు నగరంలో మా బావమరిది ఉద్యోగం చేస్తున్నాడు. 2024 మే నెలలో, అమ్మాయి ఇంటర్మీడియెట్ పరీక్షలు అయిపోగానే, "బావా, ఈసారి మీరు రాకపోతే వూరుకోను" అని అతను పట్టుబట్టడంతో నేనూ, మా శ్రీమతీ, అమ్మాయీ బయలుదేరాము. పెర్తు నుంచి ఎక్స్‌మత్ ఉత్తరంగా 1,200 కిలోమీటర్ల పైమాట. విమానంలో రెండు గంటల ప్రయాణం. కిందికి చూస్తే ఎర్రమట్టి, బూడిదరంగు తుప్పలు, అంతే. మనిషి జాడ లేదు. ఊరు 1967లో నౌకాదళపు రేడియో కేంద్రం కోసం వెలసింది. ఆ కేంద్రంలోని నడిమి స్తంభం 387 మీటర్లు. ఈఫిల్ టవరు దీనిముందు పొట్టిది. వీధుల్లో ఈమూ పక్షులు మన ఊళ్ళో ఆవుల్లాగా తీరుబడిగా నడుస్తూ వుంటాయి. కార్లే ఆగి వాటికి దారి ఇస్తాయి.

ఊరికి పడమటివైపు సముద్రంలో వుంది నింగలూ పగడపు దిబ్బ. సుమారు 300 కిలోమీటర్ల పొడవున ఒడ్డును అంటిపెట్టుకుని సాగుతుంది. కొన్నిచోట్ల ఒడ్డునుంచి నూరు మీటర్లు ఈదితే చాలు, పగడాలు కాళ్ళకింద వుంటాయి. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడి పగడాలకొక చిత్రమైన ఆచారం వుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పౌర్ణమి వెళ్ళిన వారం పది రోజులకు, ఎవరో ముహూర్తం పెట్టినట్టుగా, అన్నీ ఒక్కసారిగా రాత్రివేళ గుడ్లు వదులుతాయి. దానితో సముద్రంలో మేత పెరుగుతుంది. ఆ సంతర్పణ వేళకు తిమింగిల సొరలు వచ్చి చేరతాయి. మార్చి నుంచి జూలై దాకా వాటి మకాం ఇక్కడే.

టిక్కెట్టు ఖరీదు విని మా శ్రీమతి బుగ్గలు నొక్కుకుంది. "ఏమండీ, చేపను చూడ్డానికి ఇంత డబ్బా? మన విశాఖపట్నం హార్బరులో పొద్దున్నే నిలబడితే కాణీ ఖర్చు లేకుండా ఎన్ని చూడొచ్చు!" అంది. ఆమె పడవ దిగనని ముందే చెప్పేసింది. నేను గోదావరి కాలవలో ఈత నేర్చినవాణ్ణి. అమ్మాయి నేర్చింది విజయవాడలో సిమెంటు కొలనులో. నాలుగు గోడల మధ్య, కాలు ఆనే లోతులో. ఇక్కడ దిబ్బ దాటాక అడుగనేది కంటికి కనబడదు. నా భయమంతా చేపను గురించి కాదు, పిల్లను గురించి.

పడవలో మాకు పాఠం చెప్పినది ఇరవై అయిదేళ్ళ ఆస్ట్రేలియా అమ్మాయి. మా కాలేజీలో మేము చెప్పే పాఠంకంటే శ్రద్ధగా విన్నారందరూ. ఒక చేప దగ్గర ఒక్క పడవే వుండాలి. ఒక్కసారికి పదిమందికి మించి నీళ్ళలో దిగరాదు. చేప తలకూ ఒంటికీ 3 మీటర్లు, తోకకు 4 మీటర్లు ఎడంగా వుండాలి. ముట్టుకోరాదు, దారికి అడ్డం పోరాదు. ఫొటోలు తీయవచ్చుగాని ఫ్లాష్ వెలిగించరాదు. "అది మిమ్మల్ని చూడ్డానికి రాలేదు, తిండికి వచ్చింది. ఆ సంగతి మరిచిపోకండి" అంది చివరికి.

ఆ తరువాత కెమెరా సంగతి చెప్పింది. నీటిలో ఫొటో తీయడం గట్టుమీద తీసినట్టు కాదు. కొద్ది మీటర్ల లోతుకే ఎరుపు రంగు ఇంకిపోతుంది, మిగిలేది నీలమే. అద్దంలోంచి చూస్తే ప్రతి వస్తువూ వున్న దూరంలో ముప్పాతిక దూరానే వున్నట్టు కనిపిస్తుంది. మూడు మీటర్లు వదిలామా లేదా అని కంటిని నమ్మితే చాలదన్నమాట. నీటిలో తేలే నలుసులమీద ఫ్లాష్ పడితే బొమ్మంతా మంచు కురిసినట్టవుతుంది. కనుక ఆ నియమం చేపకే కాదు, మనకూ మంచిదే. "ఒక్కటి మటుకు గుర్తుంచుకోండి. మొప్పల వెనక, ఈతరెక్కకు పైన, ఎడమవైపు. అదొక్కటి దొరికితే మిగిలిన ఫొటోలు లేకపోయినా ఫరవాలేదు" అని నొక్కి చెప్పింది. ఎడమవైపే ఎందుకని అడిగాను. "అందరూ ఒకేవైపు తీస్తేనేగదా పోల్చి చూడ్డానికి వీలు" అంది.

ఆకాశంలో ఒక చిన్న విమానం చేపకోసం చక్కర్లు కొడుతూ వుంది. తొమ్మిదిన్నరకు పైలట్ రేడియోలో కబురు చెప్పాడు. పడవ జోరుగా వెళ్ళి చేప వచ్చే దారికి ముందుగా ఆగింది. రబ్బరు దుస్తులు, కాళ్ళకు తెడ్లు, ముఖానికి అద్దం, నోట్లో స్నార్కెల్ గొట్టం. ఈ వేషంలో నన్ను చూసి మా శ్రీమతి పడవ కమ్మీ పట్టుకుని నవ్వుతూనే వుంది. కెమెరా అమ్మాయి మణికట్టుకు కట్టి, ఇద్దరం ఒకే జట్టులో దూకాము.

మొదట ఏమీ లేదు. అంతా నీలం. సూర్యకిరణాలు పందిరిరాటల్లాగా ఏటవాలుగా దిగిపోతున్నాయి. నా ఊపిరి చప్పుడు నాకే కొలిమితిత్తిలా వినిపిస్తూంది. అంతలో ఆ నీలంలో చుక్కలు కనిపించాయి. ముందు చుక్కలే, చేప తరువాత. వరసలు వరసలుగా తెల్లని చుక్కలు, మధ్య మధ్య సన్నని గీతలు, పెద్ద ముగ్గు ఒకటి కదిలి వస్తున్నట్టు. దాని వెనక మా ఊళ్ళో ధాన్యపు గాదె తలుపంత నోరు. నోటి ముందు పసుపుపచ్చని చిట్టిచేపలు, దేవుడి పల్లకీ ముందు దివిటీవాళ్ళలాగా. ఏడు మీటర్లు వుంటుందని తరువాత చెప్పారు. అంత శరీరమూ చప్పుడన్నది లేకుండా నా పక్కనుంచి సాగింది.

ఇంతలో అది మెల్లగా కుడివైపుకు ఒరిగింది. అటువైపు వున్నది మా అమ్మాయి. నేను తోక దగ్గర వున్నాను. మా మధ్య ఆ తోక, నా ఎత్తుకు తక్కువ కాదు, ఇటూ అటూ ఊగుతూంది. దాటి వెళ్ళడానికి లేదు. పిలుద్దామంటే గొట్టంలోంచి బూ అనే చప్పుడు తప్ప మాట రాదు. జీవితమంతా మాటలమీద బతికినవాడికి ఆ క్షణాన ఒక్క మాట సాయం రాలేదు. అమ్మాయి బెదరలేదు. కాళ్ళు మెల్లగా ఆడిస్తూ వెనక్కు జరిగింది. చేప ఎంత దగ్గరకు వస్తే తను అంత దూరం తగ్గింది. నిమ్మకాయంత కన్ను ఆమెను చూసిందో లేదో నేను చెప్పలేను. అది మళ్ళీ తన దారికి మళ్ళి, నా ముందుగా అడ్డంపడి సాగిపోతూ వుంటే, అమ్మాయి అవతలివైపుకు చేరి, ఎడం సరిచూసుకుని, కెమెరా ఒక్కసారి ఎత్తింది. ఆ పైన తోక కదలికలు రెండు. నీలంలో నీలం అయిపోయింది.

నీటిపైకి తల ఎత్తి, గొట్టం ఊడదీసి, ఆమె అన్న మొదటిమాట: "నాన్నా, ఎడమవైపే!"

సాయంత్రం బసలో ఆ ఫొటో చూశాము. పటం కట్టించుకునే బొమ్మ కాదు. తోక తెగిపోయింది. రంగు బూడిద, నీలం, అంతే. కాని మొప్పలకూ రెక్కకూ మధ్య చుక్కలు మటుకు స్పష్టంగా లెక్కపెట్టవచ్చు. ఆ చుక్కలే దాని పేరు. మనిషికి వేలిముద్ర ఎలాగో దీనికి ఈ ముగ్గు అలాగ. ఒకదానిది మరొకదానికి కలవదు. ఆకాశంలో నక్షత్రాల ఫొటోలను పోల్చడానికి 1986లో గ్రోత్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక లెక్క కనిపెట్టాడు. మూడేసి చుక్కలను కలిపి త్రికోణాలు గీసి, ఒక ఫొటోలోని త్రికోణాలు మరొకదానిలో వున్నాయా అని చూడడం దాని కీలకం. బ్రాడ్ నార్మన్, జేసన్ హోంబర్గ్, జవెన్ ఆర్జుమానియన్ అనే ముగ్గురు ఆ లెక్కనే ఈ చేప చుక్కలకు అన్వయించి 2005లో ప్రకటించారు. యాత్రికులు పంపిన ఫొటోల సాయంతో ఇప్పటికి పదివేలకు పైగా తిమింగిల సొరలను విడివిడిగా గుర్తుపట్టారు. మడగాస్కర్‌లో దీన్ని "ఎన్నో చుక్కలది" అనీ, జావాలో "వీపున చుక్కలున్నది" అనీ ఏనాటినుంచో పిలుస్తున్నారట. బెస్తవాడు కంటితో చూసినదే శాస్త్రజ్ఞుడు లెక్కతో చూశాడు.

మేమూ మా ఫొటో పంపాము. ఇంటికి వచ్చాక జవాబు వచ్చింది: ఇది కొత్తది కాదు, 2019లోనూ 2022లోనూ ఇక్కడే కనిపించిన మగచేప అని. అమ్మాయి ఆ కాగితం అచ్చువేయించి పుస్తకంలో పెట్టుకుంది. ఎక్కడెక్కడి నీళ్ళో తిరిగి బతికి వచ్చిందన్నమాట! బతికి రావడమే ఈ రోజుల్లో గొప్ప. వలల్లో చిక్కి, ఓడల కింద పడి ఇవి తగ్గిపోతున్నాయి. 2016 నుంచి అంతరించే ప్రమాదంలో వున్న జీవాల జాబితాలో వుంది ఈ చేప.

మన దేశపు కథ కూడా చెప్పాలి. గుజరాతు తీరాన వీటిని వందల లెక్కన చంపేవారు. గాలానికి పీపాలు కట్టి వేటాడేవారు కనుక పాపం దాని పేరే "బారెల్" అయింది. 2000లో మైక్ పాండే తీసిన డాక్యుమెంటరీ ఆ వేటను దేశానికి చూపించింది. 2001లో వన్యప్రాణి చట్టం దీనికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. దాన్ని వేటాడడం నేరమైంది. అయినా చట్టం ఒకటే సముద్రంమీద కాపలా కాయలేదుగదా! 2004లో మొరారీ బాపు అనే రామకథా ప్రవచనకారుడు బెస్తవారితో, ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ వంటిదని చెప్పాడు. ఆ మాట పనిచేసింది. "బారెల్" పోయి "వ్హాలీ" వచ్చింది, అంటే ప్రియమైనది. అప్పటినుంచి ఎనిమిది వందలకు పైగా చేపలను బెస్తవారు తమ వలలు తామే కోసి వదిలిపెట్టారు. వదిలినట్టు ఫొటో చూపిస్తే అటవీశాఖ వలకు పరిహారం ఇస్తుంది. అక్కడ కూడా కెమెరాయే సాక్షి. ఆ వేరావల్ రేవు పడవలమీద పనిచేసేవారిలో మన శ్రీకాకుళం జిల్లా వారు వేలమంది వున్నారు. వల వేసేవి మన చేతులు కూడానన్నమాట.

మన తీరం కూడా దీనికి కొత్త కాదు. 2022 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో ఒకటి ఒడ్డుకు చేరితే, అటవీశాఖవారూ, బెస్తలూ, వూరివారూ కలిసి దాన్ని మళ్ళీ సముద్రంలోకి పంపించారు. ఇలాంటిది మీ కంటపడితే చుట్టూ మూగకండి, మీద చెయ్యి వేసి ఫొటో దిగకండి. అటవీశాఖకు కబురు పెట్టండి. వీలుంటే దూరాన్నుంచి ఒక్క ఫొటో తీయండి; మొప్పల వెనక, ఎడమవైపు. ఎక్కడో ఎవరో దాని రాకకోసం ఎదురుచూస్తూ వుంటారు.