ఆరేళ్ళ బుజ్జి... నాలుగు చక్రాల బండి!

"ఛీ! నేనేమన్నా పాపాయినా మామయ్యా, బండెక్కడానికి?"

ఈ డైలాగు కొట్టింది ఏ బాలనటో కాదు... మా అక్క కూతురు బుజ్జి. వయసు ఆరు. ఎత్తు 45 అంగుళాలు. పౌరుషం మాత్రం ఆరడుగులు! సీను ఎక్కడంటే... అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రం, ఓర్లాండో ఊరి శివారు, వాల్ట్ డిస్నీ వరల్డ్ గేటు ముందు.

అట్లాంటాలో ఉంటున్న అక్కా బావా గత వేసవిలో అమ్మనీ నన్నూ పిలిపించుకున్నారు. "ఏమోయ్ బావమరిదీ! ఇన్నాళ్ళూ తెర ముందు కూచుని సినిమాలు చూశావు. ఇప్పుడు తెర లోపలికి నడుచుకుంటూ పోదాం రా" అని బావ మమ్మల్ని కారెక్కించి సుమారు 700 కిలోమీటర్లు లాక్కొచ్చాడు. తీరా గేటు దగ్గరికొచ్చాక, "బుజ్జికో స్ట్రోలర్ అద్దెకి తీసుకుందామా?" అన్నాడు. స్ట్రోలర్ అంటే తెలుసుగా! పసిపిల్లల్ని కూచోబెట్టి తోసుకెళ్ళే చక్రాల బండి. దానికే బుజ్జి గారికి అంత కోపం.

నేనూ బుజ్జి పార్టీలోనే చేరాను. "ఆరేళ్ళ పిల్లకి బండేమిటి బావా, నలుగురూ నవ్విపోతారు! ఆ వయసులో నేను మూడు మైళ్ళు నడిచి టూరింగ్ టాకీస్‌కి వెళ్ళేవాణ్ణి" అంటూ కోతలు కోశాను. పక్కనున్న అమ్మ నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో తర్వాత చెప్తాను.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. "చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుందమ్మా" అని అక్క నెమ్మదిగా అంది. "నా కాళ్ళింకా పడిపోలేదే" అని అమ్మ ఆ మాట అక్కడే తుంచేసింది. అలా, బండి వద్దన్న మనవరాలూ కుర్చీ వద్దన్న అమ్మమ్మా చేతులు పట్టుకుని ముందుకు నడిచారు!

ఊరు కాదు... సెట్టు!

గేటు దాటగానే 'మేజిక్ కింగ్‌డమ్'. 1971 అక్టోబరు 1న ఇది తెరిచారు. కాలిఫోర్నియాలో 1955లో డిస్నీలాండ్ తెరిచిన వాల్ట్ డిస్నీ, దీన్ని మాత్రం కళ్ళారా చూడలేదు. 1966లోనే కన్నుమూశాడు.

మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో మేడలన్నీ చాలా ఎత్తుగా కనిపిస్తాయి. కిటుకేమిటంటే, పై అంతస్తులు కింది అంతస్తులకన్నా చిన్న కొలతల్లో కట్టారు. కన్ను మోసపోతుంది! వీధి చివర సిండ్రెల్లా కోట ఎత్తు 189 అడుగులు. అదీ పైకి పోయేకొద్దీ కొలతలు తగ్గించి కట్టిందే. మన 'మాయాబజార్' (1957)లో మినియేచర్ ద్వారకని చూసి నోరు తెరిచిన వాళ్ళకి ఈ విద్య కొత్తేం కాదనుకోండి. ఇక్కడ పనిచేసే వాళ్ళని ఉద్యోగులు అనరు, 'కాస్ట్' అంటారు. సినిమాలో నటీనటుల్ని అన్నట్టే! జనం కంటపడకుండా వాళ్ళు రాకపోకలు సాగించడానికి మన కాళ్ళ కింద సొరంగాలున్నాయట.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ సెట్టులో అందరూ నడవాల్సిందే. ఫ్లారిడా ఎండ మన విజయవాడ ఎండకి చెల్లెలు. మధ్యాహ్నమయ్యేసరికి ఆకాశం నల్లబడి ఓ వాన! ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు... రెండు గంటలకే బుజ్జి నేలమీద చతికిలబడింది. "మామయ్యా... ఎత్తుకో!"

ఎత్తుకున్నాను. బుజ్జి బరువు 46 పౌండ్లు, అంటే 21 కిలోలు. పదిహేను నిమిషాల్లో నా మెడ వంగిపోయింది. కాసేపు బావ, కాసేపు అక్క, మళ్ళీ నేను. తిరిగి కారు దగ్గరికి పోవాలంటే మధ్యలో సరస్సు! మోనోరైలో, పడవో ఎక్కాలి. ఆ రాత్రి బావ చేతిగడియారం 13 కిలోమీటర్ల నడక చూపించింది. బాణసంచా వెలిగే వేళకి బుజ్జి నా భుజం మీద గాఢనిద్రలో ఉంది. దానికోసమే వచ్చిన పిల్ల అది చూడనేలేదు! పొద్దున్న లేవగానే, "ఫైర్‌వర్క్స్ ఎప్పుడు మామయ్యా?" అని అడిగింది. ఏం చెప్పను?

అప్పుడు అమ్మ తన నవ్వు సంగతి విప్పింది. "టాకీస్‌కి వెళ్ళేటప్పుడు నడిచేవాడివిరా, కాదనను. వచ్చేటప్పుడు మూడు మైళ్ళూ మీ నాన్న భుజం మీద నిద్రపోతూ వచ్చేవాడివి. ఆ సంగతి నీకెలా గుర్తుంటుంది?"

నా కోతలకి అక్కడితో శుభం కార్డు!

రెండో రోజు: గేటు దాకానే స్నేహం

రెండో రోజు 1982లో తెరిచిన ఎప్కాట్‌కి వెళ్ళాం. అక్కడ సరస్సు చుట్టూ పదకొండు దేశాల మంటపాలున్నాయి. ఒక్క చుట్టు తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. ఈసారి నోరు మూసుకుని పార్కు వాళ్ళ బండే అద్దెకి తీసుకున్నాం. గట్టి ప్లాస్టిక్ బండి, 50 పౌండ్ల దాకా మోస్తుంది. బుజ్జి మొహం ముడుచుకునే ఎక్కింది. ఎక్కాక చుట్టూ చూసింది... తన ఈడు వాళ్ళు, తనకన్నా పెద్దవాళ్ళు కూడా బండ్లలో కాళ్ళు చాపుకుని ఐస్‌క్రీమ్ తింటున్నారు! ఇక దిగితే ఒట్టు.

అయితే ఆ బండి పార్కు గేటు దాటకూడదు. రాత్రి నిద్రపోతున్న పిల్లని లేపి, బండి అప్పగించి, కారు దాకా మళ్ళీ నా భుజమే గతి. దాంతో ఆ రాత్రే ఓ దుకాణానికి వెళ్ళి సొంత బండి కొనాలని తీర్మానించాం.

బండి ఎంపిక... హీరోయిన్ ఎంపిక కన్నా కష్టం!

మొదట చవగ్గా కనిపించింది గొడుగులా ముడుచుకునే సన్నబండి. బుజ్జిని కూచోబెడితే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. బూట్లు నేలమీద ఈడ్చుకుపోయాయి. అప్పుడు తెలిసింది, పెద్దపిల్లల బండికి లెక్కలు వేరని.

ఒకటి, బరువు. బండి ఎన్ని పౌండ్లు మోస్తుందో చీటీ మీద రాసి ఉంటుంది. పిల్ల బరువుకన్నా అది బాగా ఎక్కువ ఉండాలి. చాలా బండ్లు 50 దగ్గరే ఆగిపోతాయి. మేం 65 మోసేది వెతికాం.

రెండు, తల. కూచున్నాక తలకీ పైనున్న టోపీకీ మధ్య జాగా ఉండాలి. ఎండకీ వానకీ ఆ టోపీయే దిక్కు. వీపు వెనక్కి వాలితే మధ్యాహ్నం కునుకు తీయొచ్చు.

మూడు, కొలత. డిస్నీ వాళ్ళు 2019 మే 1 నుంచి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన బండ్లని లోపలికి రానివ్వడం లేదు. పిల్లల్ని కూచోబెట్టి లాక్కెళ్ళే వ్యాగన్లూ నిషేధమే.

నాలుగు, మడత. పార్కు బస్సెక్కాలంటే బండి మడవాలి. ఒక చేత్తో పిల్లని పట్టుకుని రెండో చేత్తో మడవగలిగితేనే అది బండి.

ఐదు, సంచులు. పిడికి బరువైన సంచులు తగిలిస్తే, పిల్ల దిగిన మరుక్షణం బండి వెల్లకిలా పడుతుంది. దుకాణంలోనే పడేసి చూపించాను! బరువంతా కింది బుట్టలో ఉండాలి.

దుకాణంలో ఈ చివరి నుంచి ఆ చివరికి బండ్లన్నీ తోసి చూసింది మాత్రం అమ్మ. ఒకటి మరీ కిందికి ఉందంది. ఇంకోటి ఊగుతోందంది. చివరికి పిడి నడుము దాకా వచ్చి, కదలకుండా నిలిచే బండి దగ్గర ఆగింది. "ఇది తీసుకోండి" అంది. సరే, తోసేది తనే కదా అనుకున్నాం.

మూడో రోజు: క్లైమాక్స్

మళ్ళీ మేజిక్ కింగ్‌డమ్! బయల్దేరే ముందు అమ్మ తన పాత చీర అంచు చింపి బండి పిడికి కట్టింది. ఎంత మంచిపని చేసిందో తర్వాత అర్థమైంది. బండిని క్యూలోకి రానివ్వరు, బయట పెట్టి వెళ్ళాలి. వందలాది బండ్లు! పైగా అక్కడి కాస్ట్ వాటిని వరసగా సర్దుతూ ఉంటారు కాబట్టి పెట్టినచోట ఉండవు. మా బండి మాత్రం ఆకుపచ్చ జరీ అంచుతో దూరం నుంచే పలకరించేది.

స్పేస్ మౌంటెన్ అని చీకట్లో దూసుకుపోయే రైలొకటుంది, 1975 నాటిది. అది ఎక్కాలంటే 44 అంగుళాలుండాలి. బుజ్జి కొలబద్ద దగ్గర రాణిలా నిలబడి పాసైపోయింది. అందులో కేకలు పెట్టింది నేను, నవ్వింది అది! దిగి వచ్చి బండెక్కి, అరగంటలో నిద్రపోయింది. రైలెక్కడానికి పెద్దది, రోజంతా నడవడానికి చిన్నది. ఆరేళ్ళంటే అంతే కాబోలు. సాయంత్రం లేచి, రాత్రి బాణసంచా మొత్తం రెప్పవెయ్యకుండా చూసింది.

అయిపోయాక హుషారుగా బండి దిగేసింది. "మామయ్యా, కారు దాకా నేను నడుస్తా. బండొద్దు!"

"శభాష్" అని నేను బండి మడవబోయాను.

"ఉండనీరా... సంచులు పెట్టుకోవచ్చు" అంది అమ్మ.

సంచులు నా భుజానికే ఉన్నాయి. అప్పుడు చూశాను అమ్మ చేతుల్ని. పిడిని తోస్తున్నట్టు లేవు. గట్టిగా ఆనుకుని ఉన్నాయి. చక్రాల కుర్చీ వద్దన్న మనిషి, మనవరాలి బండి వంకతో ఆ రోజంతా నడిచింది. దుకాణంలో అన్ని బండ్లు తోసి చూసింది ఇందుకన్నమాట!

ఏమీ తెలియనట్టు బండి మళ్ళీ విప్పి అమ్మ ముందు పెట్టాను. ఖాళీ బండి తోసుకుంటూ అమ్మ, దాని పక్కనే గెంతుతూ బుజ్జి, పడవ వైపు నడిచారు.

తన కూతుళ్ళు రంగులరాట్నం ఎక్కితే వాల్ట్ డిస్నీ బెంచీ మీద కూచుని చూసేవాడట. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటొకటి ఉండాలని అప్పుడే అనిపించిందట. మా ఇంటిల్లిపాదికీ ఆ చోటు మూడో రోజుకి గానీ దొరకలేదు.

మీరెప్పుడైనా ఇలాంటి చోటికి ఇంటిల్లిపాదీ బయల్దేరితే, బండి కొనేముందు పిల్ల బరువూ ఎత్తూ చూసుకోండి. అలాగే పిడి ఎత్తు కూడా చూసుకోండి. ఎవరికోసమని మాత్రం పైకి అడక్కండేం!