కొబ్బరి నీడ పడని డాబా

పి.గన్నవరం అక్విడెక్టు దాటి నగరం అనే ఊరి మీదుగా తాటిపాక వెళ్ళే దారిలో ఎవరితో మాట కలిపినా గ్యాసు ప్రస్తావన రాకమానదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పేలిన పైపు కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకెళ్ళేది. ఇరవై మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. అంతకుముందు 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండింది. తాటిపాకలో 2001 నుంచీ ఏటా 66,000 టన్నుల ముడిచమురు శుద్ధి చేయగల చిన్న రిఫైనరీ ఉంది. ఈ నేల ఎక్కడెక్కడి దీపాలకో ఇంధనమిచ్చింది. "ఎక్కడ తవ్వాలో, పైపు ఎవరి పెరట్లోంచి వెళ్ళాలో మమ్మల్నెవరడిగారండీ?" అన్నాడు ఆటోలో నా పక్కనున్న రైతు.

ఆ దారిలోని ఓ ఊరికి నన్ను పిలిచింది అక్కడి డ్వాక్రా మహిళా సంఘం వాళ్ళు. ఇంటి మీద సోలారు పెట్టుకోవాలా వద్దా అన్నది వాళ్ళ సందేహం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకి 30,000, రెంటికి 60,000, మూడుకి 78,000 రూపాయలు రాయితీ. మూడు కిలోవాట్లు పెడితే మంచి ఎండలో రోజుకి సుమారు 12 యూనిట్లు వస్తాయి. కోనసీమలో ఈ లెక్కకి చెట్టు అడ్డొస్తుంది.

ఇల్లిల్లూ తిరిగి చూశాం. ఏ డాబా ఎక్కినా నాలుగు పక్కల నుంచీ కొబ్బరి మట్టలు వంగి ఉన్నాయి. వరసగా కలిపిన పలకల్లో ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరసంతా దిగుబడి తగ్గుతుంది. పైనుంచి కాయ పడితే అద్దం పగులుతుంది. ఒకటి రెండు చెట్లు తీసేస్తే సరిపోతుందని ఓ కుర్రాడు అన్నాడు. ఒక పెద్దావిడకి కోపం వచ్చింది. "తొంభై ఆరు తుపాన్లో పోయినచోటే మళ్ళీ మొక్కలేసుకున్నాం. దింపు తీసిన డబ్బుతోనే నా కూతురి పెళ్ళి చేశాను. వాటిని నరుక్కోమంటావేంట్రా?" ఆవిడ మాటే న్యాయం. కాసే చెట్టుని కొట్టి సూర్యుణ్ణి పిలవనక్కర్లేదు.

అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. "అలాంటప్పుడు కరెంటు పోతే ఇది వెలుగుతుందాండీ?" అని అడిగింది సంఘం లీడరు. వెలగదని చెప్పాల్సి వచ్చింది. గ్రిడ్డుకి కలిపిన మామూలు సోలారు, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. తెగిన తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం కాపాడటానికే ఆ ఏర్పాటు. వెలగాలంటే బ్యాటరీ కావాలి, అది ఇంటింటికీ అంటే మోయలేని ఖర్చు.

"ఆయ్, అయితే ఊరికొకటి పెట్టుకుందామండీ" అందావిడ. అక్కడి నుంచి మాట దారి మారింది. బడి డాబా మీద నీడ లేదు. తుపానొస్తే జనం చేరేదీ అక్కడికే. బ్యాటరీతో పెడితే ఆ రాత్రి దీపాలు, ఫోన్లు, నీళ్ళ మోటారు నడుస్తాయి. మిగతా రోజుల్లో బడికి బిల్లు తగ్గుతుంది.

వాళ్ళకి ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ కథ చెప్పాను. అక్కడి గిరిజన మహిళలు కానుగ మొక్కలు పెంచి, మిల్లు నడిపి, డీజిలుకి బదులు వాడగల నూనె తీశారు. 2003లో ఆ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకి ప్రపంచ బ్యాంకు వాళ్ళ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. డబ్బు చిన్నదే. పుచ్చుకున్నది మాత్రం ఆడవాళ్ళ సంఘం, మధ్యలో కాంట్రాక్టరు కాదు. నా మటుకు అదే ముఖ్యం.

తర్వాత పనుల మాటలు. ఉప్పుగాలికి తుప్పు పట్టని బోల్టులు, పెనుగాలికి లేవకుండా బిగించే చట్రం, పలకలు కడిగే వంతులు, కొన్నేళ్ళకి బ్యాటరీ మార్చడానికి నెలనెలా దాచే సొమ్ము. వీటన్నిటికంటే ఎక్కువసేపు వాదించుకున్నది ఒక్క విషయం మీద. తీర్మానంలో యజమానిగా ముందు పంచాయతీ పేరు రాయాలా, సంఘం పేరు రాయాలా అని. సంఘం పేరే ముందుండాలని నేనూ పట్టుబట్టాను.