ముందు పిట్టగోడ



"ఇల్లు ఎంతవరకు వచ్చింది అయ్యగారూ?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. దేవుని కృపవలన స్లాబు పడింది. పైన మళ్ళు కట్టి, నీళ్ళు నిలిపి తడిపాము. సెంట్రింగు కూడా విప్పేశారు. ప్లాస్టరింగు, కరెంటు పని, తలుపులు మిగిలి ఉన్నాయి. ప్రస్తుతం చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే వస్తుంది. తక్కినవి చీటీ డబ్బు వచ్చాకే.

మేస్త్రి గారు, "ముందువైపు ఎలివేషన్ చేసేద్దాం అయ్యగారూ, గృహప్రతిష్ఠకు వచ్చినవాళ్ళకు చూపుగా ఉంటుంది. పిట్టగోడ తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన మంచి కోరే చెప్పారు. మా ఇంటి అమ్మగారు మాత్రం ఒకటే మాట అంది: "ఆదివారం కూటం అయ్యాక సంఘం పిల్లలంతా ఎక్కేది మన మేడే కదండీ."

ఆ మాటతో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం, 8వ వచనం జ్ఞాపకం వచ్చింది. కొత్త ఇల్లు కట్టేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని, ఎవరైనా అక్కడినుంచి పడితే ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని దేవుడు మోషేద్వారా చెప్పించాడు. ఇల్లు ఎంత పెద్దదిగా ఉండాలో, ఎంత అందంగా ఉండాలో ఆ వచనంలో లేదు. పడబోయేవాడి సంగతే ఉంది.

ఆ దేశంలో మిద్దెలు మనవాటిలాగే చదునుగా ఉండేవి. రాహాబు జనుపకట్టె పరచుకున్నది మిద్దెమీదే, వేగులవారిని దాచిందీ అక్కడే. యొప్పేలో పేతురు ప్రార్థనకు ఎక్కింది మిద్దెమీదికే. మనం మిరపకాయలు ఎండబెట్టుకుంటాం, వడియాలు పెట్టుకుంటాం, ఎండాకాలం రాత్రులు చాపలు పరచుకుని పడుకుంటాం. నిద్రమత్తులో లేచినవాడికి, గాలిపటం చూస్తూ వెనక్కి నడిచే పిల్లవాడికి అంచు ఎక్కడుందో తెలియదు.

మన దేశపు భవన నిర్మాణ నియమావళి కూడా పిట్టగోడ తగినంత ఎత్తు ఉండాలంటుంది. ఒక్క వరుస ఇటుక పేర్చి గోడ అనిపించుకుంటే చాలదు. పిల్లవాడు ఆనుకున్నా ఆగాలి.

ప్రియులారా, ఇల్లు కట్టేటప్పుడు మనం ప్రార్థన చేయించుకుంటాం, పునాదిలో మొదటి రాయి దైవసేవకునిచేత పెట్టిస్తాం. మంచిదే. అయితే "దేవా, నా ఇంటికి వచ్చేవారిని కాపాడు" అని ప్రార్థించినవాడు ఆ కాపుదలకు తన చేతిలో ఉన్న ఇటుకలు కూడా పెట్టాలి. పొరుగువానిని ప్రేమించడం అంటే కొన్నిసార్లు మూడున్నర అడుగుల గోడే.

అందుకే సోమవారంనుంచి పిట్టగోడ పని మొదలవుతుంది. ఎలివేషన్ లేకుండానే గృహప్రతిష్ఠ జరగవచ్చు. మీరు తప్పక రండి, పిల్లల్ని తీసుకురండి.

మీలో ఎవరి మేడకైనా ఇంకా గోడ లేకపోతే, ఈ పంట డబ్బులో ముందు దాని వంతు పక్కన పెట్టండి. ఎత్తులో నిలబడి పనిచేసే మేస్త్రులను, కూలీలను మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.