కోనేటి ఊరి నుంచి... ఓడరేవులకు!

మహానంది కోనేట్లో రూపాయి బిళ్ళ వేస్తే అడుగున పడ్డా కనిపిస్తుంది. ఆ నీళ్లతో పెరిగే అరటితోటల మధ్యే బతుకంతా గడిపిన ఓ రిటైర్డ్ మాస్టారుకు ఒకటే కోరిక... తాను పాఠం చెప్పిన డచ్చివారి రేవుల్ని కళ్లారా చూడాలని. వేసవి సెలవుల్లో మనవణ్ని వెంటబెట్టుకుని నంద్యాలలో రైలెక్కారు.

ముందు భీమిలి. 1825లో ఆంగ్లేయుల పరమయ్యేదాకా డచ్చివారిదే అక్కడి స్థావరం. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత మచిలీపట్నం. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605కల్లా అక్కడికి చేరింది. మన అద్దకం బట్టలు ఇండోనేసియా దీవులకు పంపి, బదులుగా మిరియాలు, లవంగాలు, జాజికాయ సంపాదించేది. ఊరూ, ఏడూ, సరకూ... మనవడు అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

చివరి మజిలీ పులికాట్. 1613లో గెల్డ్రియా కోట కట్టిన చోటు. శ్మశానంలో చెక్కుచెదరని అక్షరాలతో ఉన్న సమాధి రాళ్లను చూస్తూ కుర్రాడు అడిగాడు.

''జేజినాయనా, మరి మనోళ్లవి ఏవీ?''

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. కరువు కాలాల్లో తిండిలేక అమ్ముడుపోయిన ఈ తీరం మనుషుల్ని ఇదే కంపెనీ బానిసలుగా ఓడలెక్కించి బటేవియాకు, అంటే నేటి జకార్తాకు పంపింది. కరువొస్తే ఊళ్లకు ఊళ్లు వలసపోవడం సీమవాసికి కొత్త కాదు. అయినా ఇన్నేళ్లూ క్లాసులో బట్టల గురించే చెప్పారాయన.

ఆ సంగతి విన్నాక మనవడు సరకుల జాబితా కింద 'మనుషులు' అని రాశాడు. పేర్ల కోసం పక్కనే ఖాళీ వదిలాడు.